ఎంగిలి చట్టం

శేషగిరి ప్లీడరు జీవితంలో చేసిన వ్యభిచారం ఒక్కటే. అది కూడా కాగితం మీద, భార్య దగ్గరుండి చేయించినది.

ఓడలవాళ్ళు మడపేటని ఏలుతున్న కాలం అది. సముద్రం మీద నుంచి వచ్చి దిగిన ఏడాదికే వాళ్ళు అక్కడి పెళ్ళిళ్ళూ దత్తతలూ వీలునామాలూ అన్నీ పక్కకి నెట్టి, వాటి స్థానంలో ఒక్క రక్తపుచుక్కని కూర్చోబెట్టారు. ఎవరి రక్తం ఎవరిలో ఉందో యంత్రం చెప్పాలి. చెబితేనే తల్లి, చెబితేనే తండ్రి. పదిమంది ముందు తలంబ్రాలు పోసుకున్నా, ఒళ్ళో కూర్చోబెట్టుకుని దత్తు తీసుకున్నా చెల్లదు. యంత్రం ఊళ్ళో తల్లినో తండ్రినో చూపించలేని పిల్లలు ఓడ ఎక్కేవారు. ఎక్కినవాళ్ళు ఏ రేవులో దిగారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఎదురింటి వరహాలుని పట్టుకుపోయేనాటికి దాని కూతురు సంపంగికి రెండేళ్ళు. వరహాలు వీధి మొత్తానికి పాలు పోసేది. నీళ్ళు అందరి పాలల్లోనూ కలిపేది. ఓడలవాళ్ళ పటాలానికి కలపడం మాత్రం రాజద్రోహమైంది. దాన్ని ఉప్పుమళ్ళ శిబిరానికి పంపారు. మొగుడు అంతకుముందే కర్ఫ్యూలో గేదె కోసం బయటికి వెళ్ళాడు. గేదె తిరిగొచ్చింది గానీ అతను రాలేదు. కనుక పిల్ల ఓడ ఎక్కాలి.

ఊళ్ళోని రక్తపు సీసాలన్నీ వెళ్ళేది పాత చేపల గిడ్డంగిలో పెట్టిన ప్రయోగశాలకి. శేషగిరి భార్య హైమవతి అక్కడ సూక్ష్మజీవుల శాస్త్రవేత్త. ఆ వారం ఏ సీసాలో ఏం మార్చిందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. యంత్రం మాత్రం సంపంగికి తండ్రి శేషగిరేనని తేల్చింది. ఆయన అవునని సంతకం పెడితే చాలు, పిల్ల ఊళ్ళోనే ఉంటుంది.

"ప్లీడరీలో నేను రాయని అబద్ధం లేదనుకున్నాను" అన్నాడు శేషగిరి కలం పట్టుకుని. "రేపట్నుంచి వీధిలో మొహం ఎలా చూపించనే?"

"ధైర్యంగా చూపించండి. ఇన్నాళ్ళకి ఒక్క పని చేతనైందనుకుంటారు."

వాళ్ళకి పిల్లలు లేరు. ఆయన ఆ మాటకి నవ్వి సంతకం పెట్టాడు. ఆ సాయంత్రమే సంపంగి వాళ్ళింటికొచ్చి, హైమవతి కలిపిన పప్పన్నం సగం తిని సగం ఆవిడ చీరకి పూసి, చంక మీదే నిద్రపోయింది. కంచంలో మిగిలింది హైమవతి తినేసింది. పిల్లల ఎంగిలి తినడం అలవాటవడానికి ఆవిడకి ఒక్క పూట పట్టింది.

సంపంగికి ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఓడలవాళ్ళు ఓడిపోయి వెళ్ళిపోయారు. పోతూ పోతూ రిజిస్ట్రారు ఆఫీసులన్నీ తగలబెట్టారు. కొత్త శాసనసభ కూర్చున్న మొదటివారమే, వాళ్ళ హయాంలో జరిగిన కుటుంబ వ్యవహారాలేవీ జరగనట్టే లెక్క అని తీర్మానించింది. రక్తపరీక్ష పేరెత్తితే జైలు అంది. దత్తత చెల్లదన్న వంకతో పిల్లల్ని ఎత్తుకుపోయారు గనక ఇక మీదట దత్తతే ఉండదంది. సభ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తీరా బయటికొచ్చి చూసుకుంటే దేశంలో ఎవరికీ ఎవరూ ఏమీ కారు.

"నా వ్యభిచారం కొట్టేశారు" అన్నాడు శేషగిరి పేపరు మడిచి.

"బాధపడకండి. రిజిస్టరు తగలబడింది, మన పెళ్ళి కూడా లేనట్టే."

"మరి కాఫీ ఇస్తావా?"

"పరాయి మగాడికి గ్లాసులో ఇస్తాను. స్టీలు కప్పు మా ఆయనది."

అలా నవ్వుకున్నారు గానీ, పక్కగదిలో ఎక్కాలు చదువుకుంటున్న పిల్ల ఆ ఉదయం నుంచీ ఎవరి పిల్లా కాదన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

హైమవతికి ఒక పాత అనుమానం ఉంది. ఆక్రమణ రోజుల్లో గొంతువాపు జ్వరం వచ్చినప్పుడు ఊళ్ళోవాళ్ళ బుగ్గల లోపలి నుంచి దూదిపుల్లతో తడి తీసి పరీక్షించేది. ఒకే వంటింట్లో తినేవాళ్ళ నోళ్ళల్లో ఒకే రకం సూక్ష్మజీవుల గుంపు కాపురం ఉంటుందని అప్పుడు గమనించింది. రక్తసంబంధంతో దానికి పనిలేదు. ఏళ్ళ తరబడి మాటల్లేని అత్తాకోడళ్ళ నోళ్ళు కూడా అచ్చు ఒకేలా ఉండేవి.

ఓడలవాళ్ళు వదిలేసిన రక్తపు యంత్రాన్నే విప్పి, దానికి ఎంగిలి చదవడం నేర్పింది. తయారైన రోజు భర్తనీ పిల్లనీ గిడ్డంగికి తీసుకెళ్ళి ముగ్గురి బుగ్గల్లోనూ దూదిపుల్లలు తిప్పి గాజుపలకల మీద రాసింది. తెర మీద మూడు రంగుల చారలు పైనుంచి కిందకి మెల్లగా దిగి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా అతుక్కున్నాయి.

"ఇదేంటమ్మా?" అంది సంపంగి.

"నువ్వు మా పిల్లవని రాసుంది."

"అది రాసుండాలా?" అని పిల్ల కాళ్ళూపుకుంటూ జంతిక తినసాగింది. హైమవతి తెర తుడిచే నెపంతో అటు తిరిగింది.

శాసనసభకి కావలసింది సరిగ్గా ఇదే. కన్నవాళ్ళు కాదు, పెట్టినవాళ్ళు కుటుంబం. ఓడలవాళ్ళు చెప్పినదానికి నిలువునా తిరగబడ్డ మాట. ముందుగా ఒక వీధి మీద ప్రయోగించి చూపించమన్నారు. హైమవతి తన వీధినే ఎంచుకుంది. అధికారులు ఫలితం రెండుసార్లు చదువుకున్నారు. వీధిలో ఉన్న డెబ్భైమందీ ఒకే కుటుంబం.

"ఈ వీధిలో పెళ్ళిళ్ళన్నీ రద్దు చెయ్యాలేమో. అందరూ అన్నాచెల్లెళ్ళే" అన్నాడు శేషగిరి.

కారణం కనుక్కోవడానికి హైమవతికి ఎక్కువసేపు పట్టలేదు. ఏ ఇంట్లో పెరుగు అయిపోయినా పక్కింటికెళ్ళి గరిటెడు తోడు తెచ్చుకోవడం ఆ వీధి పద్ధతి. అందరి గిన్నెల్లోనూ ఉన్నది ఒకే పెరుగు. ఆ జాతి సూక్ష్మజీవులు మిగతావాటిని తొక్కిపారేసి అన్ని నోళ్ళలోనూ పెత్తనం చేస్తున్నాయి. ఆవిడ పెరుగుకి సంబంధించినవన్నీ లెక్కలోంచి తీసేసింది. మళ్ళీ వేస్తే ఏ ఇంటికా ఇల్లు విడివిడిగా, చక్కగా వచ్చింది. చట్టం ప్యాసయింది. దానికి ఏదో గంభీరమైన పేరు పెట్టారు. జనం ఎంగిలి చట్టమన్నారు. ఒక వంటింట్లో ఏడాదిపాటు తినడం మానేస్తే ఆ ఇంటి గుర్తు నోట్లోంచి చెరిగిపోతుందని నివేదికలో హైమవతి రాసింది. సభ అంతదాకా చదవలేదు. ఆవిడ కూడా చదవమని పట్టుబట్టలేదు.

ఆ వేసవిలో ఉప్పుమళ్ళ శిబిరాల నుంచి బతికున్నవాళ్ళు రావడం మొదలైంది. వరహాలు ఒక మధ్యాహ్నం వాకిట్లో నిలబడింది. పాదాలు ఉప్పుకి తెల్లగా పగిలి, జుట్టు కత్తిరించి ఉంది. మనిషిని హైమవతి గొంతుబట్టి పోల్చుకుంది.

"పిల్ల ఉందాండి?" అంది వరహాలు.

ఉంది. హైమవతి వెనకాలే ఉంది, ఆవిడ కొంగు రెండు పిడికిళ్ళా పట్టుకుని. వరహాలు చెయ్యి చాచింది. పిల్ల ఇంకా లోపలికి జరిగి, "ఎవరమ్మా ఈవిడ?" అంది.

అప్పుడు హైమవతికి సంతోషం కలిగింది. ఒక్క క్షణమే. కానీ అది ఎంత పెద్దదో చూసుకుని ఆవిడకే భయమేసింది.

పరీక్ష తప్పదు గనక గిడ్డంగిలోనే జరిగింది. వరహాలు చార తెర మీద ఒంటరిగా ఒక పక్క నిలబడిపోయింది. దాని దగ్గరికి ఏ చారా రాలేదు. సంపంగి చార హైమవతి చారతో కలిసి కూర్చుంది.

"అదేంటండి, నా నోరు నాది కాదా?" అంది వరహాలు.

"శిబిరం తిండి తిన్నావు కదే. ఇంటి గుర్తు చెరిగిపోయింది."

"చెరగడమేంటండి. నేను ఇంటి పెరుగే తిన్నాను."

హైమవతికి అర్థం కాలేదు. వరహాలు రొండిని దోపుకున్న చిన్న గుడ్డముక్క తీసి బల్ల మీద పెట్టింది. పచ్చగా మరకలు పడి, అట్టలా బిగిసిపోయి ఉంది. పట్టుకుపోయిన రోజు పటాలంవాళ్ళు తలుపు బాదుతుంటే, చేతికందిన చీరచెంగు పెరుగుగిన్నెలో ముంచుకుని బయల్దేరిందట. శిబిరంలో కాపలావాళ్ళ గేదెలకి పాలు పితకడం దాని పని. తాగితే కొరడా. చెంబు అడుగున మిగిలిన నాలుగు చుక్కల్లో ఆ గుడ్డ నానేసి, తోడుకున్నది నాలిక్కి రాసుకుని, గుడ్డ మళ్ళీ తడిపి ఎండేసుకునేదట. పాలు దొరకని నెలల్లో ఎండిన గుడ్డనే చప్పరించేదట.

"పిల్లకి అన్నం పెట్టేటప్పుడు ఈ పెరుగే కదండీ కలిపేదాన్ని" అంది వరహాలు. "అది అక్కడ తింటా ఉంటది, నేనిక్కడ తింటా ఉంటాననుకునేదాన్ని."

హైమవతి గుడ్డ అంచు కొంచెం గీకి పలక మీద వేసింది. లెక్కలోంచి తాను తీసేసినదాన్ని తిరిగి పెట్టి యంత్రం నడిపింది. ఇన్నేళ్ళ ఉప్పూ ఎండా దాటి వచ్చిన ఆ ఒక్క చార నేరుగా వెళ్ళి సంపంగి చార మీద అతుక్కుంది. కొంచెం కూడా తేడా లేదు. వీధి వీధంతా పంచుకున్న పెరుగు మొదట వచ్చిందే పాలవరహాలు ఇంటి నుంచి.

ఇంటికొచ్చి శేషగిరికి చెప్పింది.

"ఇది కోర్టులో నిలవదు హైమా. ఆ లెక్కన వీధిలో ఆడవాళ్ళందరూ ఆ పిల్లకి తల్లులే."

"నిలవదని నాకూ తెలుసు. చెప్పకుండా ఎలా ఉంటానూ?"

చెప్పింది. న్యాయాధికారి కామేశ్వరి ఓపిగ్గా విన్నారు.

"మీ యంత్రం తప్పని మీరే అంటున్నారా, హైమవతి గారూ?"

"చెరిగిపోయినదాన్ని అది అసలు లేదంటోందండి. రెండూ ఒకటి కాదు."

"ఈ జిల్లాలో ఎంతమంది పిల్లలు ఆ యంత్రం మాట మీద కంటినిండా నిద్రపోతున్నారో మీకు తెలుసు. ఇవాళ మీ మాట వింటే రేపు ఆ తలుపులన్నీ ఎవరో ఒకరు తడతారు."

"రక్తం చూడొచ్చు కదండీ" అంది వెనక నుంచి వరహాలు.

కోర్టు హాలంతా బిగుసుకుపోయింది. కామేశ్వరి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ మాట ఇక్కడ అనకూడదమ్మా. నా చెల్లెలి కొడుకుని ఆ మాట చెప్పే ఓడ ఎక్కించారు."

పిల్ల హైమవతిదేనని తీర్పయింది. వరహాలుకి కుటుంబం లేదు. కుటుంబం లేనివాళ్ళకి తీరంలో ఇళ్ళివ్వరు. ఎగువ కొండల్లో కొత్తగా కట్టిన కాలనీలకి పంపేస్తారు. సర్దుకోవడానికి ఏడాది గడువు. ఈలోగా ఎవరితోనైనా ఎంగిలి కలిస్తే ఉండిపోవచ్చు.

"మా ఇంట్లోనే భోంచెయ్యవే. ఏడాదిలో కలిసిపోతావు" అంది హైమవతి.

"మీ ఇంట్లో తింటే మీ ఇంటిమనిషినవుతానండి. దానికి అమ్మనవుతానా?" అని శేషగిరి వైపు చూసింది వరహాలు.

"అవ్వవు" అన్నాడు ఆయన. "పిల్ల ఎవరి ఇంటి ఎంగిలిదో వాళ్ళే తల్లిదండ్రులు. నువ్వు ఈ ఇంట్లో ఇంకో నోరువి, అంతే."

అయితే దారి ఒక్కటే ఉంది. అది ముగ్గురికీ కనబడుతోంది. పిల్ల వరహాలు దగ్గరుండాలి, వరహాలు వండింది తినాలి. హైమవతి వంటింట్లోంచి ఏడాదిపాటు ఒక్క మెతుకు కూడా ఆ నోట్లోకి వెళ్ళకూడదు.

"పిల్లకి చెప్పి పంపుదాం. దానికి తెలివి ఉంది, అర్థం చేసుకుంటుంది" అంది హైమవతి చివరికి.

శేషగిరి తల అడ్డంగా ఊపాడు. "కోర్టు దాన్ని కూడా అడుగుతుంది. అబద్ధం ఆడటం దానికి రాదు. చెబితే కుట్ర, చెప్పకపోతే కాపురం. కుట్ర అయితే వరహాలు కొండలకి కాదు, జైలుకి పోతుంది."

వీధి చివర పాత కొట్టుగదిలో వరహాలు పొయ్యి వెలిగించింది. హైమవతి పిల్ల గుడ్డలు సంచిలో సర్ది, జడ వేసి, చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళి అక్కడ దింపింది. "కొన్నాళ్ళు ఇక్కడుండు" అంది. ఎందుకని అడిగితే, "నేను చెప్పాను గనక" అంది. దారిలో తనకి తోచిన ఎన్నో మాటల్లో అదొక్కటే నిజం కాకుండానూ అబద్ధం కాకుండానూ ఉంది.

మొదట్లో సంపంగి బడి వదలగానే ఇటే వచ్చేది.

"అమ్మా, పెసరట్టు వాసన వస్తోంది."

"వస్తుంది."

"ఒకటి పెట్టవా?"

"మీ ఇంటికెళ్ళి తిను."

"ఆవిడకి పెసరట్టు రాదు. మాడ్చేస్తుంది."

"మాడినది తిను. పళ్ళు గట్టిపడతాయి."

పిల్ల నవ్వింది, పరిహాసమనుకుని. నవ్వుతూనే చెయ్యి చాచింది. హైమవతి పెనం దించేసి పొయ్యి ఆర్పింది. పిల్ల చెయ్యి కాసేపు అలాగే ఉండి, తర్వాత దానంతట అదే కిందికి దిగింది.

మర్నాటి నుంచి హైమవతి సాయంత్రాలు వంట మానేసింది. పోపు వేసే పని ఉంటే పిల్ల బళ్ళో ఉన్నప్పుడే వేసేది. ఒకరోజు శేషగిరి జేబులోంచి పిప్పరమెంటు తీసి పిల్లకివ్వబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇది కొట్టులోదే, దీనికి ఎంగిలేమిటి?"

"మీ చేతికి ఉంది."

వానాకాలంలో సంపంగికి జ్వరం వచ్చింది. హైమవతి వెళ్ళి గుమ్మంలోనే నిలబడి చూసింది. వరహాలు జావ కాచింది, పిల్ల తాగనంటోంది. "అమ్మ చేసిన చారు కావాలి" అని ఏడుస్తోంది. వరహాలు హైమవతి వైపు చూసింది. ఏం చెయ్యమంటారని ఆ చూపు.

"జావే పట్టు. కొంచెం ఉప్పెక్కువ వెయ్యి, దానికి ఇష్టం" అని హైమవతి వచ్చేసింది. వానలో ఆ చివర నుంచి ఈ చివరికి గొడుగు తెరవకుండానే నడిచింది.

జ్వరం తగ్గాక సంపంగి వచ్చింది. అదే చివరిసారి.

"నేనేం తప్పు చేశాను?"

"ఏం చెయ్యలేదు."

"మరి ఎందుకు పెట్టవు? కుక్కకి కూడా పెడతావు కదా."

హైమవతి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నాలుక చివర దాకా వచ్చింది. దాన్ని మింగేసి, "పొద్దుపోతోంది, ఇంటికెళ్ళు" అంది. పిల్ల గేటు వెయ్యకుండా వెళ్ళిపోయింది. తర్వాత బడికి వెళ్ళేటప్పుడు వీధికి అవతలి పక్కగా నడిచేది. వరహాలు ఒకటి రెండుసార్లు వచ్చి, "పెసరట్టు మాడకుండా ఎలా తియ్యాలండి?" అని అడిగింది. హైమవతి నేర్పింది. పిండి ఎంత జారుగా ఉండాలో, పెనం ఎప్పుడు తుడవాలో, ఉల్లిపాయ అది తినదనీ, అల్లం మాత్రం దండిగా వెయ్యాలనీ, నోటితోనే. ఏదీ ముట్టుకోకుండా.

గడువు తీరేసరికి పరీక్ష మళ్ళీ గిడ్డంగిలోనే. యంత్రం నడపడం తెలిసింది హైమవతికే గనక దూదిపుల్ల ఆవిడే పట్టుకుంది. సంపంగి నోరు తెరిచి పైకప్పు వైపు చూస్తూ కూర్చుంది. పై వరసలో కొత్త పన్ను సగం వచ్చింది. పాతది ఊడిన రోజు హైమవతికి తెలియనే లేదు.

తెర మీద చారలు దిగాయి. వరహాలు చారా సంపంగి చారా నెమ్మదిగా దగ్గరికి జరిగి అతుక్కున్నాయి. హైమవతి చార పక్కకి తప్పుకుని, ఎక్కడో అంచున, శేషగిరి చారతో కలిసి నిలబడింది. 'సంబంధం లేదు' అని కింద అక్షరాలు వచ్చాయి. పని సవ్యంగా జరిగింది. ఆవిడ కాగితం మీద సంతకం పెట్టి కోర్టుకి పంపింది.

కోర్టులో కామేశ్వరి కాగితం చదివారు. ఆ తర్వాత చాలాసేపు హైమవతి వైపు చూశారు. కామేశ్వరికి ఏం అర్థమైందో, ఏం అర్థం కానట్టు ఊరుకోదలుచుకున్నారో తెలియదు. సంపంగిని దగ్గరికి పిలిచారు.

"నువ్వు ఎవరింట్లో తింటావమ్మా?"

"మా అమ్మ వరహాలు ఇంట్లోనండి."

వరహాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట అది మొదటిసారి వింటోంది.

"ఇంకెవరింట్లోనైనా తింటావా?"

"లేదండి."

కామేశ్వరి హైమవతి కూర్చున్న బల్లవైపు చూపించారు. "ఈవిడ ఎవరు?"

సంపంగి తిరిగి చూసింది. కొంచెం ఆలోచించింది.

"ఇదివరకు ఈవిడింట్లో ఉండేదాన్నండి. ఇప్పుడు మా వీధి ఆవిడండి" అంది. మళ్ళీ న్యాయంగా చెప్పాలనుకుందేమో, "మంచిదేనండి. ఊరికే ఎవరికీ ఏమీ పెట్టదు, అంతే" అంది.

హాలంతా నవ్వింది. బంట్రోతు కూడా నవ్వాడు. శేషగిరి ఒక్కడే తల దించుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు. హైమవతి మోచేత్తో ఆయన్ని పొడిచింది, నవ్వండి, చూస్తున్నారు అని. తను కూడా నవ్వింది.